చీమక్క, నాలుగు స్టాపులు

ఆమెకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటుంది. ఎవరూ వాడరు కాబట్టి అది ఆస్పత్రి హాజరు పట్టీలో కొత్తది కొత్తగానే ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే దాని మీదికి ‘చీమక్క’ అనే పేరు ఎక్కి కూర్చుంది. ఇరవై రెండేళ్ళయినా ఇంకా దిగలేదు.

ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆవిడ పనిచేసే గది చూడాలి. ఆస్పత్రి మొదటి అంతస్తులో, ఆడవాళ్ళ ఓపీ వరండా చివర, ఆకుపచ్చ తలుపున్న గది అది. అందులో పెద్ద ఆపరేషన్లు చేయరు. పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోయే చిన్న పనులు చేస్తారు. గర్భం రాకుండా లూప్ వేయడం, తీయడం, గర్భసంచి లోపలి పొరలోంచి చిటికెడు ముక్క తీసి పరీక్షకు పంపడం లాంటివి. ఒక ఎత్తు బల్ల, కాళ్ళు పెట్టుకోవడానికి రెండు ఊతలు, మెడ తిప్పే దీపం, మూత వేసిన ట్రే, బల్ల తల దగ్గర ఒక ముక్కాలి పీట. ఆ పీట చీమక్కది.

కాగితం మీద ఆవిడ పని గౌన్లు ఇవ్వడం, దుప్పటి మార్చడం, బల్ల తుడవడం. అసలు పని వేరే ఉంది. లోపలికొచ్చిన మనిషి బల్లెక్కి పడుకోగానే చీమక్క ఆ పీట మీద కూర్చుని తన ఎడమచేతి బొటనవేలు ఆమె గుప్పిట్లో పెడుతుంది. “ఏం లేదు తల్లీ. చీమ కుట్టినట్టుంటుంది, అంతే. నొప్పొస్తే నా వేలు పిసుకు” అంటుంది. ఎంతమంది పిసికారో లెక్కలేదు గానీ, ఆ వేలు కుడిచేతి వేలికన్నా ఒక చుట్టు లావు. చీమక్క దాన్ని మెడల్ చూపించినట్టు చూపిస్తుంది.

ఆ గదికి ఆవిడే చట్టం. గోడ మీద అట్టముక్క అంటించి, పెద్ద అక్షరాలతో తనే రాసింది. తిని రండి, కడుపు మాడ్చుకుని రాకండి. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోండి. బల్లెక్కే ముందు ఒంటేలుకి వెళ్ళిరండి. ముట్లు ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనబడినా ఆ రోజే రండి. తలుపు ముందు పసుపురంగు పెయింటుతో అడ్డంగా ఒక గీత కూడా గీసింది. అది మగవాళ్ళ కోసం. భర్తలూ, అన్నలూ, ఎంత పెద్ద మీసాలవాళ్ళయినా ఆ గీత అవతలే. ఒకసారి ఆస్పత్రి పెద్దాయనే పొరపాటున దాటబోతే, “సార్, గీత” అని వెనక్కి పంపించింది.

ఒక్కటే లోపం. చీమ సంగతి చెబుతున్న చీమక్క ఆ బల్ల ఎప్పుడూ ఎక్కలేదు. ఉన్న ఇద్దరు పిల్లలూ ఇంకెక్కడో పుట్టారు. ఆ తర్వాత ఆవిడ ఒంటికి ఏ జబ్బూ రాలేదు. చూడని ఊరికి దారి చెప్పడంలో ఆవిడంత ధీమా ఎవరికీ ఉండదు.

ఎనిమిది నెలల కింద ఒకామె వచ్చింది. బస్టాండు వెనక సందులో ఇస్త్రీ దుకాణం ఆవిడది. నలభై తొమ్మిదేళ్ళుంటాయి. నెలకు రెండుసార్లు, మూడుసార్లు రక్తం పోతోందని స్కానింగ్ చేస్తే, గర్భసంచి పొర మందంగా ఉంది, ముక్క పరీక్ష చేయాలన్నారు. చీమక్క మామూలుగానే వేలిచ్చింది, చీమ కథ చెప్పింది. సన్నటి గొట్టం లోపలికి వెళ్ళీ వెళ్ళగానే ఇస్త్రీ ఆవిడ కెవ్వుమని బల్ల మీద పైకి జరిగిపోయింది. గొట్టం బయటికొచ్చేసింది. వచ్చిన ముక్క పరీక్షకు చాల్లేదు, మళ్ళీ రావాలన్నారు. ఆవిడ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “అక్కా, నీకో దండం, నీ చీమకో దండం” అని వెళ్ళిపోయింది.

ఆస్పత్రివాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు. రాలేదు. చీమక్క దాన్ని తమాషాగా చెప్పుకునేది. “ఎర్రగా కాలే ఇస్త్రీ పెట్టె పట్టుకునే మనిషి, చీమకి పారిపోయిందమ్మా!” అంటే ఓపీలో అందరూ నవ్వేవాళ్ళు. డాక్టరమ్మ ఒక్కతే నవ్వేది కాదు. “ఆవిడ మళ్ళీ రావాలి అక్కా. రాకపోతే ప్రమాదం” అనేది.

అలా నవ్విన రెండు నెలలకు, ఒకరోజు స్నానాల గదిలో చీమక్కకు తన లోబట్ట మీద రూపాయి బిళ్ళంత మరక కనిపించింది. ముట్లు ఆగి ఐదేళ్ళయింది ఆవిడకు. మరకను ఉతికేసింది. ఆ తర్వాత తనకు తాను నచ్చజెప్పుకుంది. బరువులెత్తినందుకేమో, వేడి చేసిందేమో. ఇన్నేళ్ళుగా “ఒక్క చుక్క కనబడినా ఆ రోజే రండి” అని అట్టముక్క మీద రాసిపెట్టి, చెవిలో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి. నాలుగు నెలల్లో ఐదుసార్లు కనబడితే ఐదుసార్లూ ఉతికేసింది. ఎదుటివాళ్ళకు చెప్పేందుకే గదా నీతులు! జబ్బులనేవి వరండాలో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు వస్తాయి గానీ, గౌన్లు పంచేవాళ్ళకు వస్తాయా అని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం పగలు పనిచేసేది. ఒంటరిగా కూర్చున్నప్పుడు మాత్రం, ఆ గదిలోంచి పరీక్షకు వెళ్ళి చెడ్డ కబురుతో తిరిగొచ్చిన రిపోర్టులన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చేవి. క్యాన్సర్ అన్న మాట మనసులో కూడా పూర్తిగా అనుకోలేకపోయేది.

ఐదో మరక పెద్దది. మర్నాడు డాక్టరమ్మ టీ తాగుతుంటే చీమక్క దగ్గరికెళ్ళి, తుడిచిన బల్లే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

“డాక్టరమ్మా, మా చుట్టాలావిడ ఒకామె ఉంది. ముట్లు ఆగాక కొంచెం కనబడుతోందంట. ఏం కాదుగా?”

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఈ గదిలో మొదటిసారి పనిముట్టు పట్టుకున్నప్పుడు ఆమె చేతులు వణికితే, “నాకు కనబడలేదులే, కానీ” అని ధైర్యం చెప్పింది చీమక్కే. డాక్టరమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది.

“మీ చుట్టాలావిడ వయసెంతక్కా?”

“నా ఈడే.”

“ముట్లాగి ఎన్నాళ్ళయింది?”

“ఐదేళ్ళు.”

“లావా, సన్నమా?”

“మరీ లావేం కాదు” అంది చీమక్క కాస్త కోపంగా.

“ఆవిడ ఎడమచేతి బొటనవేలు కొంచెం వాచినట్టుంటుందా?”

చీమక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. డాక్టరమ్మ లేచి తలుపు వేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదని చీమక్క తర్వాత అనుకుంది. ఆ రోజే స్కానింగ్ చేయించింది. పొర మందంగా ఉంది. ముక్క తీసి చూడాలి. వచ్చే మంగళవారం, ఇదే గదిలో, ఇదే బల్ల మీద.

ఇంట్లో చెప్పక తప్పింది కాదు. చీమక్క భర్త సిటీ బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళ సర్వీసు. మాట తక్కువ, అన్న మాట మాత్రం టికెట్ చింపి ఇచ్చినంత కచ్చితం. “మా స్టాపు వచ్చిందా?” అని అడిగిన ప్రయాణికుడికి, పీడా విరగడవుతుందని “వచ్చేస్తోంది” అనే కండక్టర్లుంటారు. ఈయన అలా అనడు. “ఇంకా ఐదు స్టాపులు, కూర్చోండి” అంటాడు. అబద్ధం చెబితే మనిషి లేచొచ్చి తలుపు దగ్గర నిలబడతాడు, ప్రతి కుదుపుకీ మనల్ని తిట్టుకుంటాడు, అందుకని.

సంగతి విని ఆయన భుజం మీది టికెట్ల సంచి తీసి కింద పెట్టాడు. “నాలుగు నెల్లా?” అన్నాడు.

“మీరు కంగారు పడతారని.”

“ఇప్పుడు పడట్లేదా?” అన్నాడాయన. గొంతులో కోపం లేదు, భయం ఉంది. చీమక్క తల తిప్పుకుంది. “సెలవు పెట్టి నేనూ వస్తా” అన్నాడు. “ఎందుకండీ, చీమ కుట్టినంత పనికి!” అంది ఆవిడ. పైకి మేకపోతు గాంభీర్యమే గానీ, ఆ వారమంతా ఆవిడ గిన్నెలు కడిగినవే కడిగింది.

మంగళవారం వచ్చింది. పొద్దున్నే బ్రెడ్డు ముక్క ఒక కొస కొరికింది. పక్కన పెట్టేసింది. నొప్పి మాత్ర చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, పర్సులో పడేసింది. చీమ కుట్టడానికి మాత్రెవడైనా వేసుకుంటాడా? తను చెప్పిన మాటను ఇరవై రెండేళ్ళుగా ఎవరు నమ్మారో ఎవరు నమ్మలేదో గానీ, నూటికి నూరుపాళ్ళూ నమ్మిన మనిషి ఒకతుంది. అది తనే.

ఆస్పత్రిలో పెద్ద సిస్టర్ గౌను ఇస్తే, మడత సరిగా లేదని మళ్ళీ మడిచి తొడుక్కుంది. “అక్కా, తిన్నావా?” అంటే “ఆఁ” అంది. “మాత్ర?” అంటే “ఆఁ” అంది. బల్లెక్కి పడుకుంది. కాళ్ళు ఊతల మీద పెట్టుకుంది. కింది నుంచి ఎప్పుడూ చూడని పైకప్పు అది. ఒక మూల పెచ్చు ఊడి, దగ్గర్లో సాలెగూడు ఉంది. ఇన్నేళ్ళుగా ఇంతమంది చేత ఈ బూజు చూపించానా అని సిగ్గుపడింది.

డాక్టరమ్మ దీపం సర్దింది. “కొంచెం ఎడమకి తిప్పండి, అక్కడ నీడ పడుతుంది” అంది చీమక్క పడుకునే. డాక్టరమ్మ ట్రే మూత తీసింది. “గొట్టం రెండోది కూడా విప్పి పెట్టుకోండి, ఒకటి వంగుతుంది” అంది చీమక్క మళ్ళీ. పెద్ద సిస్టర్ మాస్కులోనే నవ్వింది. “అక్కా, ఇవాళ మీరు పేషెంటు” అంది డాక్టరమ్మ.

మొదట చల్లటి ఇనుము తగిలింది. చల్లగా ఉంటుందని తెలుసు గానీ, ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. లోపల విప్పారినట్టు ఒత్తిడి. సరే, ఫరవాలేదు. తర్వాత తడిగుడ్డతో తుడిచినట్టయింది. “దగ్గండి అక్కా” అంటే దగ్గింది. గర్భసంచి మూతిని పట్టుకున్న గిల్లుడు. కళ్ళు పెద్దవయ్యాయి. ఆ బల్లెక్కిన అందరిలాగే పట్టుకోవడానికి వేలి కోసం చెయ్యి చాచింది. పీట ఖాళీగా ఉంది. తల దగ్గర కూర్చునే మనిషి బల్ల మీదుంటే, ఇక పీట మీద ఎవరుంటారు? సిస్టర్ చేతులకు గ్లోవ్స్, రెండు చేతులూ ట్రే మీద. అప్పుడు గొట్టం లోపలికి వెళ్ళింది.

“అమ్మో! ఆపు తల్లీ, ఆపు!”

ఆ గదిలో ఆ గొంతుతో ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. డాక్టరమ్మ వెంటనే ఆపేసింది, అన్నీ బయటికి తీసేసింది. చీమక్క మొహం సున్నం కొట్టినట్టుంది, పెదాలు పొడిబారాయి. గది గుండ్రంగా తిరుగుతోంది.

“అక్కా, పొద్దున ఏం తిన్నారు?”

చీమక్క గౌను అంచు సర్దుకుంది.

“మాత్ర వేసుకున్నారా?”

తేలు కుట్టిన దొంగలా పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. సిస్టర్ పర్సు తెరిస్తే, మాత్ర అట్టతో సహా నిక్షేపంలా ఉంది.

డాక్టరమ్మ ఆవిడను లేపి కూర్చోబెట్టింది. “చూడక్కా. ఇవాళ వద్దంటే మానేద్దాం. ఇంకోరోజు మత్తిచ్చి, నిద్రలో చేయొచ్చు. లేదంటే ఇప్పుడు తిని, మాత్ర వేసుకుని, గంటాగి రండి. మూతి దగ్గర తిమ్మిరెక్కే సూది కూడా ఇస్తా. ఎలా కావాలో మీరే చెప్పండి.”

ఇంకోరోజంటే తను రాదు. అది చీమక్కకు డాక్టరమ్మ కన్నా బాగా తెలుసు. “గంటాగి వస్తా” అంది.

అలా చీమక్క గౌనులోనే వరండాలోకొచ్చి, కుర్చీలో కూర్చుని, తన అట్టముక్క ఎదురుగా బ్రెడ్డు తింది. ‘తిని రండి, కడుపు మాడ్చుకుని రాకండి’ అని అది ఆవిడనే చూస్తోంది. వద్దన్నా సెలవు పెట్టి వచ్చి, గీత అవతల నిలబడ్డ కండక్టరు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“నీ చీమ ఎలా ఉంది?” అన్నాడు.

చీమక్కకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆయన ఆగాడు. ఏడుపు అయ్యాక, “లోపల ఏమేం చేస్తారో నాకు చెప్పు, వరసగా” అన్నాడు.

“మీకెందుకండీ?”

“బయట నిలబడి ఊహించుకుంటున్నా. ఊహించుకునేదే ఎక్కువైపోయింది.”

చీమక్క చెప్పింది. చల్లటి పనిముట్టు పెట్టి విప్పుతారు, అది నొప్పి కాదు, ఇబ్బంది. తర్వాత మూతిని పట్టుకుంటారు, గట్టి గిల్లుడు, దగ్గితే దాటిపోతుంది. తర్వాత గొట్టం లోపలికి వెళ్ళి పొరను లాగుతుంది. అది నొప్పే. ముట్ల నొప్పి బాగా ముదిరిన రోజు పొత్తికడుపు మెలిపెట్టినట్టు. పది లెక్కపెట్టేంతసేపు, ఒక్కోసారి ఇరవై. తర్వాత అన్నీ తీసేస్తారు. చెప్తుంటే ఆవిడకే ఆశ్చర్యమేసింది. ఇంత స్పష్టంగా తెలిసిన సంగతి, ఇన్నేళ్ళలో ఒక్కరికీ ఇలా చెప్పలేదు.

“అంటే నాలుగు స్టాపులు” అన్నాడు కండక్టరు. “మూడోది రద్దీ. మరి చీమ అని ఎందుకు చెప్తావే?”

“భయపడతారని.”

“స్టాపు ఎక్కడో తెలియకపోతేనే జనం ఎక్కువ భయపడతారు” అన్నాడాయన మామూలుగా, సర్వీసు రూలు చెబుతున్నట్టు.

గంట గడిచింది. డాక్టరమ్మ తలుపు తీసి పిలిచింది. చీమక్క లేచి, రెండడుగులు వేసి, గీత దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. “డాక్టరమ్మా, ఈయన్ని లోపలికి రానిస్తారా?” అంది గోడతో అన్నట్టు.

“గీత గీసింది మీరు. చెరపాల్సిందీ మీరే” అంది డాక్టరమ్మ.

కండక్టరు చెప్పులు విప్పేసి మరీ గీత దాటాడు. ముక్కాలి పీట మీద కూర్చుని, భార్య తలవైపే చూస్తూ, టికెట్లు చింపి చింపి అరిగిన బొటనవేలు ఆవిడ గుప్పిట్లో పెట్టాడు.

“మొదటి స్టాపు” అన్నాడు. చల్లటి ఇనుము. “ఇంకా మూడున్నాయి.” చీమక్క ఊపిరి వదిలింది. “రెండో స్టాపు. దగ్గు.” దగ్గింది. తర్వాత తిమ్మిరి సూది. అది లెక్కలో లేదని ఆయన డాక్టరమ్మ వంక అనుమానంగా చూస్తే, “ఇది రిక్వెస్టు స్టాపండీ” అందామె. “మూడో స్టాపు, రద్దీ. ఒకటి, రెండు, మూడు…”

నొప్పి వచ్చింది. మాత్రా సూదీ దాని పదును తగ్గించాయి గానీ, లేకుండా చేయలేదు. కానీ ఈసారి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆవిడకు తెలుసు. ఏడు దగ్గర ఆవిడ వేలు పిసికిన పిసుకుడికి ఎనిమిది అనాల్సిన కండక్టరు గొంతు కీచుమంది. తొమ్మిది, పది, పదకొండు. “వచ్చేసింది అక్కా, ముక్క సరిపడా వచ్చింది” అంది డాక్టరమ్మ.

“ఆఖరి స్టాపు” అన్నాడు కండక్టరు నుదురు తుడుచుకుంటూ. “దిగేవాళ్ళు దిగండి.”

సిస్టర్ పకపకా నవ్వింది. చీమక్క నవ్వుతూనే కన్నీళ్ళు పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు, ఆ మాట ఆయనతో అనలేదు గానీ. పొత్తికడుపులో సలుపు ఒక గంటకి సర్దుకుంది. ప్యాడ్ పెట్టుకుని, అరగంట పడుకుని, ఇంటికెళ్ళింది. రెండ్రోజులు కొంచెం కొంచెం రక్తం కనబడింది. జ్వరం వచ్చినా, వాసన వచ్చినా, గంటకో ప్యాడ్ తడిసినా వెంటనే రావాలని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా కండక్టరు సిస్టర్‌ను అడిగి బస్ పాస్ వెనక రాసుకొచ్చి, పొద్దునా సాయంత్రం చదివి వినిపించాడు.

రిపోర్టుకు పది రోజులన్నారు. ఆ పది రోజులు ఎలా గడిచాయని చీమక్కను అడగకండి. “మామూలుగానే” అంటుంది, కొట్టేట్టు చూస్తుంది. పనిలోకెళ్ళింది, బూజు దులిపింది. వేలిచ్చింది గానీ, చీమ మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. తనకే తెలియని తీర్పు కవరులో ఎక్కడో తిరుగుతుండగా, ఎదుటి మనిషికి అభయమివ్వడానికి నోరు రాలేదు.

పదో రోజు డాక్టరమ్మ తలుపు వేసి, ముందు కూర్చోమంది. చీమక్క నిలబడే ఉంది.

“చెడ్డది కాదక్కా” అంది డాక్టరమ్మ మొదటే. “పొర మందంగా పెరిగింది, అంతే. కణాల్లో తేడా లేదు. ఆర్నెల్లు మందులు వాడి, మళ్ళీ ముక్క తీసి చూద్దాం.”

“మళ్ళీ అదే బస్సా?” అంది చీమక్క. అప్పుడు కూర్చుంది. కూర్చున్నాక ఇంకో మాట అడిగింది. “నేనిలాగే ఉతుక్కుంటూ కూర్చుంటే?”

“ఇంకో ఏడాదో, రెండేళ్ళో అయితే ఈ మాటే చెప్పేదాన్నో లేదో నాకు తెలీదు. కొందరికి చెప్పగలం, కొందరికి చెప్పలేం.”

నాలుగు నెలలకే తను ఇంత వణికింది. ఎనిమిది నెలల కింద, చాలీచాలని ముక్క ఇచ్చి వెళ్ళిపోయిన మనిషి ఇంకొకతి ఉంది. తనకు ఇప్పుడు కలిగిన ఈ ప్రాణం లేచొచ్చినంత హాయి ఆవిడకు ఎవరిస్తారు? చీమక్క రిపోర్టు మడిచి పర్సులో పెట్టుకుని, డ్యూటీ దిగగానే బస్టాండు వెనక సందులోకి నడిచింది.

ఇస్త్రీ దుకాణం వెడల్పు ఒక బల్లంత. ఆవిడ తెల్ల చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. చూసింది. మొహం తిప్పుకుంది.

“ఏం కావాలి?”

“నిన్ను చూద్దామని వచ్చానమ్మా.”

“చూశావుగా. చీమ బాగుందా?”

చీమక్క ఆ దెబ్బ తీసుకుంది. అది తనకు తగలాల్సిందే. “అబద్ధం చెప్పానమ్మా” అంది. “నేనా బల్ల ఎక్కకుండానే చెప్పాను. పది రోజుల కింద ఎక్కాను. చీమా లేదు దోమా లేదు. అరిచాను.”

ఇస్త్రీ పెట్టె ఆగింది. కాలరు కాలుతుందని గుర్తొచ్చి పైకెత్తింది. “నువ్వా?”

“నేనే. నీకూ ఇంకా కనబడుతోందా?”

ఆవిడ చొక్కా చెయ్యి సర్దుతూ తలొంచుకుంది. అదే జవాబు.

చీమక్క బల్లకు ఇవతల నిలబడి నాలుగు స్టాపులూ చెప్పింది. ఏది చల్లన, ఏది గిల్లుడు, ఏది నొప్పి, ఎంతసేపు. దేన్నీ తగ్గించలేదు. ముందుగా ఏం తినాలో, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, తిమ్మిరి సూది అడగొచ్చని, అసలు భయంగా ఉంటే నిద్రలో కూడా చేస్తారని చెప్పింది. “మూడోది నిజంగా నొప్పే. మొదటిసారి నేను ఓర్చుకోలేక ఆపమన్నా. ఆపారు.”

ఇస్త్రీ ఆవిడ తలెత్తింది.

“ఆపారా?”

“ఆపారు.”

“ఆపమంటే ఆపుతారా?” అంది ఆవిడ. “నాకా సంగతి తెలీదు. చీమే అన్నావుగా. ఊళ్ళో అందరికీ చీమ కుడితే నాకొక్కదానికే అంత నొప్పేంటి, లోపల ఏదో పాడైపోయే ఉంటుందనుకున్నా. అందుకే అంత నొప్పి అనుకున్నా. అదే నిజమని చెప్తారేమోనని మళ్ళీ రాలేదు.”

చీమక్కకు అప్పుడర్థమైంది. ఆవిడ పారిపోయింది నొప్పికి కాదు. తను సరదాగా చెప్పుకుని ఓపీ మొత్తాన్ని నవ్వించిన మనిషి, ఎనిమిది నెలలుగా ఈ దుకాణంలో ఒంటరిగా నిలబడి, తనకు క్యాన్సరని తీర్మానించుకుని, ఎవరికీ చెప్పకుండా చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. తన ఒక్క చల్లని మాట వల్ల.

“చాలామందికి అంతే నొప్పమ్మా” అంది చీమక్క. “నాకూ అంతే. నొప్పిని బట్టి ఏమీ తెలీదు. ముక్కను బట్టే తెలుస్తుంది.”

ఇస్త్రీ ఆవిడ ప్లగ్గు తీసేసింది. ముక్కు చీదుకుంది.

“మంగళవారమేగా ముక్క తీసేది?”

“మంగళవారమే. తిని రా.”

“నీ వేలుంటుందా?”

చీమక్క ఎడమచెయ్యి చాచి చూపించింది. ఇస్త్రీ ఆవిడ ఆ లావుపాటి బొటనవేలిని ఒక్కసారి గట్టిగా పిసికి చూసింది. చీమక్క “అబ్బా” అంది, దాచుకోకుండా. ఆవిడ బల్ల కింది నుంచి సుద్దముక్క తీసి, దుకాణం తలుపు మీద ‘మంగళవారం సెలవు’ అని రాసింది.